పది వేళ్లతో ఇల్లు నిలబెట్టిన క్లారా

ఆ పిల్లకి నాలుగేళ్లు నిండినా మాటలు రాలేదు. పిలిస్తే పలికేది కాదు. చెవుడేమోనని ఇంట్లోవాళ్లు బెంగపడ్డారు. అయితే ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు పియానో మోగుతూనే ఉండేది. మనుషుల మాటలు పట్టించుకోని ఆ చెవులు, పియానో స్వరాన్ని మాత్రం ఒక్కదాన్నీ జారవిడవలేదని కొన్నాళ్లకి తేలింది. మాట కన్నా ముందే సంగీతం వంటబట్టిన ఆ పిల్లే క్లారా షూమన్. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ అంతటా పేరు మోగిన పియానో విద్వాంసురాలు.

తొమ్మిదో ఏట మొదటిసారి వేదిక ఎక్కింది. డెబ్బై ఒకటో ఏట చివరి కచేరీ చేసి దిగింది. ఈ మధ్యలో కోర్టు దాకా వెళ్లిన పెళ్లి, ఎనిమిది కాన్పులు, మతి చలించిన భర్త, కళ్లముందే రాలిపోయిన బిడ్డలు. ఇన్నింటి మధ్య పియానో మూత మాత్రం మూతపడలేదు. సంగీత చరిత్ర పుస్తకాలు చాలాకాలం ఆమెని ఫలానా స్వరకర్త భార్యగానే చెప్పుకొచ్చాయి. కానీ ఆ ఇంటికి అన్నం పెట్టింది ఎవరు అని అడిగితే, జవాబు ఆమె పది వేళ్లే.

మనకి పియానో అంటే పాత సినిమాల్లో పార్టీ మధ్యలో కూర్చుని హీరో పాడే పాట గుర్తొస్తుంది. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది, అదీ దాని కిటుకు. ఆ రోజుల్లో జర్మనీ మధ్యతరగతి ఇళ్లలో ఆడపిల్లకి పియానో నేర్పడమంటే, మన ఇళ్లలో పెళ్లీడు పిల్లకి నాలుగు కీర్తనలు నేర్పించడం లాంటిదే. ఇంటికొచ్చిన చుట్టాల ముందు వాయిస్తే చాలు. పెళ్లయ్యాక పియానో మీద గుడ్డ కప్పేసినా ఎవరూ అడగరు. దాన్నే వృత్తిగా పెట్టుకుని ఊరూరూ తిరిగి, టికెట్లు అమ్మి, ఇల్లు నడిపిన ఆడవాళ్లు ఆ కాలంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

నాన్న రాసిన డైరీ

క్లారా 1819 సెప్టెంబర్ 13న జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టింది. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పియానో మాస్టారు, పియానోల వ్యాపారి కూడా. తల్లి మరియాన్ మంచి గాయని, పియానో విద్వాంసురాలు. ఊళ్లో పేరున్న గెవాండ్‌హౌస్ హాలులో కచేరీలు చేసిన మనిషి. మాస్టారిది ఉక్కులాంటి స్వభావం. ఆ కాపురం ఎంతోకాలం సాగలేదు. 1824లో ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది, తర్వాత విడాకులయ్యాయి. అక్కడి చట్టం ప్రకారం పిల్లల మీద హక్కు తండ్రిదే. అయిదేళ్లు నిండేదాకా క్లారాని దగ్గర ఉంచుకోవడానికి మాత్రం తల్లికి ఒప్పుదల దొరికింది. అయిదో పుట్టినరోజు దాటిన నాలుగు రోజులకి పిల్లని తండ్రికి అప్పజెప్పేసింది. అంత చిన్న ప్రాణానికి మాట రాకపోవడంలో వింతేముంది?

తండ్రి ఆమెని కచేరీ విద్వాంసురాలిగా తీర్చిదిద్దాలని ముందే నిశ్చయించుకున్నాడు. రోజూ పాఠం, సాధన, ఆరోగ్యానికి గంటల తరబడి నడక. గాత్రం, వయొలిన్, స్వరరచన కూడా నేర్పించాడు. ఈ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. ఆడపిల్లకి అంత పూర్తిగా సంగీత విద్య చెప్పించిన తండ్రులు ఆ రోజుల్లో అరుదు. ఐతే దానికి ఇంకో ముఖం ఉంది. క్లారా పేరుతో ఒక డైరీ మొదలుపెట్టి, అందులో తానే రాసేవాడు. నేను ఇవాళ బాగా వాయించాను, నేను మొండితనం చేశాను, నాన్నకి కోపం వచ్చింది అన్నట్టుగా, కూతురి గొంతుతో తండ్రి రాతలు! పెద్దయ్యాక ఆమె తన చేత్తో రాసుకున్నా ఆయన కన్ను దాని మీద ఉండేది. తన మనసులో మాట రాసుకునే కాగితం కూడా ఆ పిల్లకి సొంతం కాలేదన్నమాట.

1828 అక్టోబర్‌లో గెవాండ్‌హౌస్ వేదిక మీద మొదటిసారి వాయించింది. 1830లో, పదకొండేళ్లకి, తన పేరుమీదే పూర్తి కచేరీ చేసింది. మరుసటి ఏడాది తండ్రి ఆమెని వెంటబెట్టుకుని పారిస్ దాకా యాత్ర కట్టాడు. దారిలో వైమార్‌లో మహాకవి గెటె ఆమె వాద్యం విని, తన బొమ్మ ఉన్న పతకం బహూకరించాడు. అదే 1831లో ఆమె సొంత రచనలు నాలుగు అచ్చయ్యాయి. పదమూడేళ్లకి మొదలుపెట్టిన పియానో కన్చెర్టోని పదహారేళ్లకి పూర్తిచేసి, 1835లో మెండెల్సన్ వాద్యబృందాన్ని నడుపుతుంటే తానే వాయించింది. 1838లో వియన్నా ఆమెకి పట్టం కట్టింది. ఆస్ట్రియా చక్రవర్తి ఆస్థాన విద్వాంసురాలనే బిరుదు ఇచ్చారు. హోటళ్లలో ఆమె పేరుతో ఒక కేకు కూడా అమ్మారట! అప్పటికామెకి పద్దెనిమిదేళ్లు.

వచ్చిన రాబడి అంతా తండ్రి చేతికే వెళ్లేది.

కోర్టు మెట్లెక్కిన పెళ్లి

క్లారాకి పదకొండేళ్లప్పుడు వాళ్లింట్లో ఉండి పియానో నేర్చుకోవడానికి ఒక కుర్రాడొచ్చాడు. పేరు రాబర్ట్ షూమన్, వయసు ఇరవై. సాయంత్రాలు చిన్నపిల్లలని పోగేసి దయ్యాల కథలు చెప్పి భయపెట్టేవాడు. కుడిచేతి వేలు దెబ్బతినడంతో వాయిద్యం మీద ఆశ వదులుకుని స్వరరచన వైపు మళ్లాడు. కాలం గడిచింది, చిన్నపిల్ల పెద్దదయ్యింది. అతను రాసిన సంగీతాన్ని ఆమె వేళ్లు పలికించాయి. 1837 ఆగస్టులో ఇద్దరూ రహస్యంగా పెళ్లి మాట ఇచ్చిపుచ్చుకున్నారు.

తండ్రి మండిపడ్డాడు. స్థిరమైన రాబడి లేని స్వరకర్తకి పిల్లనిస్తే ఆమె వంటింటి పాలై, ఇన్నేళ్ల శ్రమా బూడిదలో పోసిన పన్నీరవుతుందని ఆయన భయం. అందులో పూర్తిగా అబద్ధం లేదు కూడా. కానీ కూతురితో పాటు కూతురి సంపాదనా చేజారిపోతుందన్న లెక్క కూడా ఆ కోపంలో ఉందని ఆయన పెట్టిన షరతులే చెప్తాయి. కచేరీల మీద వచ్చిన డబ్బు మీద ఆమె ఆశ వదులుకోవాలన్నది వాటిలో ఒకటి.

1839లో తండ్రి తోడు రానన్నాడు. పంతొమ్మిదేళ్ల క్లారా, పెద్దగా పరిచయంలేని ఒక తోడుమనిషిని వెంటబెట్టుకుని పారిస్ వెళ్లింది. తాను వెళ్లకపోతే ఏమీ చేతకాక తిరిగొచ్చేస్తుందని ఆయన లెక్క. ఆమె తిరిగి రాలేదు. హాలు మాట్లాడుకోవడం, పియానో తెప్పించుకోవడం, టికెట్లు, ఉత్తరాలు, అన్నీ తానే చూసుకుంది. ఆ ఆర్నెల్లలో నేర్చుకున్న పని తర్వాత జీవితమంతా అక్కరకొచ్చింది.

పెళ్లికి తండ్రి ఒప్పుదల కావాలి, లేదా కోర్టు అనుమతి కావాలి. ఇద్దరూ కోర్టుకెళ్లారు. రాబర్ట్ తాగుబోతని తండ్రి ఆరోపించాడు, రుజువు చేయలేకపోయాడు. క్లారాకి ఆసరా ఇచ్చిందెవరో తెలుసా? అయిదేళ్ల వయసులో ఆమెని వదులుకోవాల్సి వచ్చిన కన్నతల్లి. మళ్లీ పెళ్లి చేసుకుని బెర్లిన్‌లో అంతంతమాత్రం సంసారం ఈదుతున్న మరియాన్, కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, తల్లిగా తన ఒప్పుదల రాసిచ్చింది. 1840 ఆగస్టులో కోర్టు అనుమతి వచ్చింది. సెప్టెంబర్ 12న లైప్‌జిగ్ పక్కన చిన్న పల్లెలోని చర్చిలో పెళ్లయింది. మర్నాడే ఆమెకి ఇరవై ఒకటో ఏడు నిండింది. ఒక్క రోజు ఆగితే ఎవరి అనుమతీ అక్కర్లేదు!

పల్చటి గోడలు

పెళ్లయిన ఏడు రాబర్ట్‌కి పాటల పండుగే. ఆ ఒక్క సంవత్సరంలో దాదాపు 140 పాటలు కట్టాడు. ఇద్దరూ కలిసి ఒకే డైరీ రాసుకునేవారు. ఒక వారం ఆయన, ఒక వారం ఆమె. ఇద్దరూ కలిసి బాక్ రచనలు చదువుకునేవారు. ప్రేమలో లోటు లేదు. లోటల్లా గోడల్లో. ఆ ఇంటి గోడలు పల్చన. ఆమె సాధన చేస్తే ఆయన రచన సాగదు. ఆయన రాసుకుంటున్నంతసేపూ ఆమె పియానో మూసిపెట్టాలి. కచేరీ చేసే చేతికి సాధన లేకపోతే, రోజూ తోమని ఇత్తడి బిందెలా కళ తప్పిపోతుంది. ఆ బాధ డైరీలో రాసుకునేది. అది ఆయన చదివేవాడు, నొచ్చుకునేవాడు. రేపటికి మళ్లీ అదే తంతు.

1841లో పెద్దకూతురు మేరీ పుట్టింది. 1842లో ఇద్దరూ కలిసి కచేరీలకి బయల్దేరారు. ఓల్డెన్‌బర్గ్ రాజవారింటికి ఆమెకొక్కదానికే పిలుపు వచ్చింది. మొగుడు బసలో ఉండిపోయాడు. ఆ అవమానం ఆయనకి గుచ్చుకుంది. అక్కడి నుంచి ఆయన ఇంటికి మళ్లితే, ఆమె ఒక్కతే డెన్మార్క్ రాజధానికి వెళ్లి కచేరీలు చేసి, డబ్బు తెచ్చింది. నెలల బిడ్డని వదిలిపెట్టి వెళ్లిందని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. ఆ డబ్బు ఇంటికి అవసరమా కాదా అని మాత్రం ఎవరూ అడగలేదు. 1844లో రష్యా యాత్ర. ఎముకలు కొరికే చలిలో స్లెడ్జి బళ్ల మీద ప్రయాణం. పీటర్స్‌బర్గ్ రాజభవనంలో ఆమె వాద్యానికి జేజేలు. రాబర్ట్ ఒంట్లో బాగోక, మనసు బాగోక, ఆమె వెనకాలే. ఏ ఇంట్లోనైనా ఆడదాని పేరు మగవాడి పేరు కన్నా ముందు వినపడితే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. ఆయన మంచివాడు కాబట్టి దెబ్బలాడలేదు, లోలోపల కుమిలాడు.

అయినా ఆమె పియానో లేకపోతే ఆయన సంగీతం జనం చెవిన పడేదే కాదు. ఆయన పియానో కన్చెర్టోని 1845లో డ్రెస్డెన్‌లో మొదటిసారి వాయించింది ఆమే. అప్పటికి వాళ్ల కాపురం ఆ ఊరికి మారింది. 1846లో ఆమె కూడా పియానో, వయొలిన్, చెల్లో మూడింటికి కలిపి ఒక ట్రియో రాసింది. ఇవాళ ఆమె రచనల్లో తలమానికం అంటున్నది దాన్నే. ఆమె మాత్రం మర్నాటేడు భర్త రాసిన ట్రియో విని, తనది ఆడపిల్ల రాసినట్టు బేలగా ఉందని తీసిపారేసింది! ఆడది స్వరరచన చేయాలని కోరుకోకూడదేమో, ఇంతవరకు ఎవరి చేతా కాలేదు, నాచేత అవుతుందా అని ఇరవై ఏళ్ల వయసులోనే డైరీలో సందేహపడిన మనిషి ఆమె. ఎవరో బయటివాళ్లు అడ్డుపడితే ఎదిరించవచ్చు. మన లోపలే కూర్చున్న ఆ మాటని ఎదిరించడం ఎంత కష్టం!

తెల్లవారుజామున మూడు గంటలకు

1849 మే నెలలో డ్రెస్డెన్‌లో తిరుగుబాటు చెలరేగింది. వీధుల్లో తుపాకులు పేలుతున్నాయి. ఇంటింటికీ తిరిగి మగవాళ్లని దళంలో చేర్చుకుంటున్నారు. రాబర్ట్ కోసం వచ్చారు. క్లారా భర్తనీ, పెద్దకూతురినీ తీసుకుని తోట వెనక దారిన తప్పించుకుంది. చిన్నపిల్లలు ముగ్గురూ పనిమనిషి దగ్గర ఇంట్లోనే ఉండిపోయారు. దూరంగా పల్లెలో స్నేహితుల ఇంటికి భర్తని చేర్చింది. ఆయన మళ్లీ ఊళ్లో అడుగుపెడితే పట్టుకుపోతారు. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున మూడు గంటలకి, తోడుగా ఒక అమ్మాయిని తీసుకుని ఆమే బయల్దేరింది. అప్పటికామె ఏడో నెల గర్భవతి. పొలాలకడ్డంపడి, దారిలో కొడవళ్లు పట్టుకున్న గుంపుని దాటుకుని ఊళ్లోకి వెళ్లింది. నిద్రపోతున్న పిల్లల్ని లేపి, నాలుగు బట్టలు మూటగట్టి, ఫిరంగుల చప్పుడు వెనక వినపడుతుండగా కాలినడకన వాళ్లని తీసుకొచ్చేసింది. పియానో ముందు సుకుమారంగా కూర్చున్న ఆమె చిత్రపటాలు చూసినవాళ్లకి ఈ క్లారా తెలియదు.

సొంత గది దొరికిన వేసవి

1850లో రాబర్ట్‌కి డస్సెల్‌డార్ఫ్ నగరంలో సంగీత దర్శకుడి ఉద్యోగం వచ్చింది. మళ్లీ ఇల్లు మారారు. అక్కడా గోడల బాధే. 1853లో వాళ్లున్న ఇంట్లో మాత్రం పై అంతస్తులో ఆమెకి విడిగా ఒక గది దొరికింది. ఆమె వాయిస్తే కింద ఆయనకి వినపడదు. పెళ్లయిన పన్నెండేళ్లకి దొరికిన గది! ఆ వేసవిలోనే వరసగా నాలుగు సంపుటాల రచనలు చేసింది. భర్త కట్టిన వరస మీద వేరియేషన్లు, వయొలిన్ పియానోల రొమాన్సులు అప్పటివే. తలుపు ఉన్న గది ఒకటి ఇస్తే ఆడదాని చేత ఎంత పని అవుతుందో ఆ ఒక్క వేసవి చెప్తుంది.

ఆ సెప్టెంబర్ చివరన వాళ్ల తలుపు తట్టాడు ఇరవై ఏళ్ల కుర్రాడు, యోహానెస్ బ్రామ్స్. అతని పియానో విని దంపతులిద్దరూ మురిసిపోయారు. రాబోయే కాలం ఇతనిదేనని రాబర్ట్ పత్రికలో వ్యాసమే రాశాడు.

నాలుగు నెలలు తిరిగేసరికి ఇంటిమీద పిడుగు పడింది. రాబర్ట్ మనసు ఎప్పట్నుంచో కల్లోలంలో ఉంది. చెవుల్లో ఎడతెగని స్వరాలు, దేవతలు, దయ్యాలు. 1854 ఫిబ్రవరి 27న వానలో ఇంట్లోంచి బయటికెళ్లి రైన్ నదిలో దూకాడు. పడవవాళ్లు కాపాడారు. తానే కోరి, బాన్ నగరం పక్కన ఎండెనిక్‌లో ఉన్న మానసిక చికిత్సాలయంలో చేరాడు. క్లారా కడుపులో అప్పటికి ఎనిమిదో బిడ్డ.

ఆ జూన్‌లో ఫెలిక్స్ పుట్టాడు. భర్తని చూడనిస్తే ఆయన మనసు ఇంకా చెదురుతుందని డాక్టర్లు ఆమెని రానివ్వలేదు. వారం పది రోజులు కాదు, రెండేళ్లు దాటాయి. 1856 జూలై 27న, ఇక ఆశ లేదన్నప్పుడు గానీ చూడలేదు. మాట స్పష్టంగా రాని ఆ మనిషి ఆమెని గుర్తుపట్టి, ఒక చేత్తో దగ్గరికి తీసుకున్నాడు. అన్నం ముట్టనివాడు ఆమె వేళ్ల మీది వైన్ చుక్కలు చప్పరించాడు. ఎన్నో వేదికల మీద ఆయన సంగీతం పలికించిన వేళ్లవి. రెండు రోజులకి, స్నేహితుణ్ణి తీసుకురావడానికి ఆమె స్టేషన్‌కి వెళ్లిన వేళ, ఒంటరిగా కన్నుమూశాడు.

నల్ల గౌను

ముప్ఫై ఆరేళ్ల విధవరాలు. ఒక బిడ్డ 1847లోనే పోగా మిగిలింది ఏడుగురు. స్నేహితులు విరాళాలిస్తామన్నారు, సహాయ నిధి కోసం కచేరీ పెడతామన్నారు. ఆమె వద్దంది. నాకు చేతులున్నాయి అన్న ధీమా ఆమెది. భర్త ఆస్పత్రిలో ఉండగానే, చంటిపిల్లాడికి నాలుగు నెలలైనా నిండీ నిండకముందే కచేరీలకి బయల్దేరింది. వెనక ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి తల్లి మరియాన్ వచ్చింది. ఇంటి ఖర్చుల చిట్టా బ్రామ్స్ రాసేవాడు. ఆ మహాసంగీతకారుడి చేతిరాతలో పాల లెక్కలూ అద్దె లెక్కలూ ఉన్నాయంటే ఎంత ముచ్చటగా ఉంటుంది!

బ్రామ్స్ ఆమెకన్నా పద్నాలుగేళ్లు చిన్న. ఆమె మీద ప్రేమ పెంచుకున్నాడు. లోకం దాని గురించి చిలవలు పలవలు చాలానే అల్లింది. వాళ్లు పెళ్లి చేసుకోలేదు. అతను ఇంకెవర్నీ చేసుకోలేదు. ముసలితనంలో ఒకరి ఉత్తరాలొకరు తిరిగిచ్చేసుకుని చాలావాటిని నాశనం చేశారు. నలభై ఏళ్లు నిలిచిన స్నేహం మాత్రం అందరి కళ్లముందూ ఉంది. అతని రచనలు కొన్నింటిని మొదటిసారి జనానికి వినిపించిందీ ఆమే.

భర్త పోయాక కచేరీలకి ఎప్పుడూ నల్ల గౌనే వేసుకునేది. జర్మనీ, ఆస్ట్రియా, రష్యా, హాలండ్, స్విట్జర్లాండ్ తిరిగింది. ఇంగ్లండ్‌కి 1856 నుంచి 1888 దాకా ఎన్నోసార్లు వెళ్లింది. హాళ్లకి ఉత్తరాలు రాయడం దగ్గర్నుంచి పియానో ఏర్పాటు దాకా చాలా భాగం తనే చూసుకునేది. ఆమె కచేరీల ముద్రిత పత్రాలు 1300కి పైగా ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ రోజుల్లో విద్వాంసులు జనాన్ని మెప్పించడానికి గారడీలాంటి రచనలు వాయించేవారు. ఆమె చిన్నప్పుడు అవే వాయించింది. పెద్దయ్యాక వాటిని పక్కనపెట్టి బాక్, బేథోవెన్, షోపాన్, షూమన్‌లని వినిపించింది. కాగితం చూడకుండా మనసులోంచి వాయించడం ఇవాళ పియానో కచేరీల్లో మామూలు. ఆ పద్ధతి పెట్టినవాళ్లలో ఆమె ఒకతె. మొదట్లో అది పొగరుగా కనిపించింది కొందరికి!

పిల్లల లెక్క

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆమె పిల్లలు తల్లి ఒళ్లో పెరగలేదు. మగపిల్లలు హాస్టళ్లలో, ఒక పిల్ల అమ్మమ్మ దగ్గర, మిగతావాళ్లు అక్కడొకరూ ఇక్కడొకరూ. పెద్దకూతురు మేరీ పెళ్లి మానుకుని తల్లికి తోడుగా, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ రెండో అమ్మగా మిగిలింది. కలిసి గడిపే వేసవుల కోసం క్లారా 1860ల మొదట్లో బాడెన్-బాడెన్ దగ్గర ఒక చిన్న ఇల్లు కొంది. మిగతా నెలలంతా ఉత్తరాలే. తల్లి పొద్దున్నే చేసే సాధనని చిన్నకూతురు యూజెనీ ఎంతో ప్రేమగా గుర్తుచేసుకుంటూ 1925లో ఒక పుస్తకం వేసింది. కానీ ఆ ప్రేమ వెనక దూరం లేదని అనుకోలేం. డబ్బు కోసమే అంత తిరిగిందా అంటే, అదొక్కటే కాదు. వాయించకపోతే ఆమెకి ఊపిరాడదు. ఈ రెండింటినీ విడదీసి చూడటం ఆమెకే చేతకాలేదేమో.

దెబ్బలు ఆగలేదు. కొడుకు లుడ్విగ్‌కి మతి చెడితే 1870లో ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది, మళ్లీ ఇంటికి రాలేదు. 1872లో కూతురు జూలీ పోయిందన్న వార్త కచేరీ ఉన్న ఊళ్లో ఉండగా అందింది. ఆమె కచేరీ రద్దు చేయలేదు, వాయించింది. 1879లో ఇరవై నాలుగేళ్ల ఫెలిక్స్ క్షయతో అక్క మేరీ చేతుల్లో ప్రాణం విడిచాడు. తండ్రిని ఎన్నడూ చూడని బిడ్డ వాడు, మంచి కవి. ఫెర్డినాండ్ సైన్యంలో జబ్బుపడి, నొప్పులకి వాడిన మార్ఫిన్‌కి బానిసై 1891లో పోతే, అతని పిల్లల భారమూ ఈ నానమ్మే మోసింది. చేతుల నొప్పితో ఏడాది పైచిలుకు వాయించలేని రోజులూ ఉన్నాయి. తగ్గగానే మళ్లీ పియానో ముందు కూర్చునేది.

ఆమె పెట్టిన షరతులు

1878లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా తెరిచిన సంగీత కళాశాలవాళ్లు పియానో ఆచార్యురాలిగా రమ్మన్నారు. ఆ అధ్యాపకుల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఈసారి షరతులు ఆమె పెట్టింది. పాఠం తన ఇంట్లోనే, రోజుకి గంటన్నర, ఏడాదికి నాలుగు నెలల సెలవు, చలికాలంలో కచేరీలకి వీలు, సహాయకులుగా తన కూతుళ్లు. అన్నింటికీ సరే అన్నారు. ఒకప్పుడు తండ్రి షరతులకి కోర్టుకెక్కిన పిల్ల, అరవయ్యో పడి దగ్గరపడ్డాక తన షరతుల మీద ఉద్యోగంలో చేరింది. 1892 దాకా పాఠాలు చెప్పింది. దేశదేశాల నుంచి శిష్యులు, అందులో అమ్మాయిలే ఎక్కువ. భర్త రచనలన్నింటినీ ఒకచోట చేర్చి, సరిచూసి, 1881 నుంచి 1893 వరకు సంపుటాలుగా అచ్చువేయించింది.

తన రచనల సంగతి? ఇరవై మూడు సంపుటాల దగ్గర ఆగిపోయాయి. భర్త పోయాక దాదాపు ఏమీ రాయలేదు. ఏడుగురు పిల్లల ఫీజులు కచేరీలే కట్టాలి. కూర్చుని రాసుకునే తీరిక ఎక్కడిది? ఆయన సంగీతాన్ని నలభై ఏళ్లు మోసిన మనిషి, తనది అటక మీద పడేసింది. 1970ల తర్వాత గానీ సంగీతలోకం ఆ అటక దులపలేదు. ఆ కన్చెర్టో, ఆ ట్రియో ఇప్పుడు ఎన్నో దేశాల్లో వినపడుతున్నాయి. 2019లో ఆమె ద్విశతజయంతి ఘనంగా జరిగింది.

1891 మార్చిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చివరి కచేరీ. అప్పటికి చెవులు సరిగా వినపడటం లేదు. మొదలైన చోటికే వచ్చినట్టయింది. 1896 మే 20న, డెబ్బై ఆరో ఏట కన్నుమూసింది. చివరి రోజుల్లో మనవడిని పిలిచి తాత రచనలు వాయించమంది. ఆమె విన్న ఆఖరి సంగీతం అదే. కబురందిన బ్రామ్స్ కంగారులో ఒక రైలుకి బదులు ఇంకోటెక్కి, ఎక్కడెక్కడో తిరిగి చివరికి బాన్ చేరాడు. అక్కడ భర్త పక్కనే ఆమెని పూడ్చారు. మరుసటి ఏడాదే బ్రామ్స్ కూడా వెళ్లిపోయాడు.

1990లో జర్మనీ ఒక కొత్త వంద మార్కుల నోటు తెచ్చింది. ముందువైపు యవ్వనంలో ఉన్న క్లారా ముఖం, వెనకవైపు పియానో. 2002లో యూరో వచ్చేదాకా ఆ నోటు కోట్లమంది చేతులు మారింది. చిన్నప్పుడు ఆమె సంపాదన తండ్రి పెట్టెలోకి వెళ్లింది. పెళ్లయ్యాక భార్య సొమ్ము మీద అజమాయిషీ భర్తదేనన్న కాలం అది. ఆ తర్వాత చాలా భాగం బియ్యానికీ బడికీ మందులకీ పోయింది.  అలాంటి ఆడదాని ముఖాన్ని నోటు మీద అచ్చువేయడం ఆ దేశం ఏ ఉద్దేశంతో చేసినా, లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది. సంతకు వెళ్లిన ప్రతి ఇల్లాలి పర్సులోనూ, పన్నెండేళ్లపాటు, క్లారా ఉంది.